స్విచ్ మీది వడ్ల మూట

మా ఇంట్లో మెట్ల కింద ఒక అర ఉంది. ఇల్లు కట్టినప్పుడు చెప్పులు పెట్టుకోవడానికని వదిలారు. ఇప్పుడు అందులో చెప్పులకు చోటు లేదు. ఇంటర్నెట్ డబ్బా, పెళ్లి వీడియోలన్నీ దాచే స్టోరేజీ పెట్టె, వాటిని పైఅంతస్తులోని నా కంప్యూటరుతో కలిపే చిన్న ఇనుప స్విచ్, ఇంకా బోలెడు వైర్లు. స్విచ్ అంటే గోడకుండే లైటు బటను కాదు. నాలుగు వైపుల నుంచి వచ్చిన నెట్ వైర్లను ఒకచోట కలిపే పెట్టె, అరచేతికన్నా కాస్త పెద్దగా ఉంటుంది. చలి మొదలైతే చాలు, ఆ అర ముందు నుంచి నడవాలంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. పెట్టె చేసిన పాపం ఏమీ లేదు. దాని మీద ఒకసారి కూర్చున్న వడ్ల మూట గుర్తొస్తుంది.

మాది సూర్యాపేట. నేను పుట్టి పెరిగింది కోదాడ. మా ఆయన పెళ్లిళ్లకు వీడియో తీస్తారు, నేను ఎడిటింగ్ చేస్తాను. ముహూర్తాలు మొదలైతే ఆయన ఇవాళ కోదాడ, రేపు మిర్యాలగూడ అంటూ తిరిగి కెమెరా కార్డులు తెచ్చి నా బల్ల మీద పోస్తారు. వాటిని కింద స్టోరేజీ పెట్టెలోకి ఎక్కించాలి, మళ్లీ అక్కడి నుంచి పనికి కావలసినవి నా కంప్యూటరులోకి తెచ్చుకోవాలి. పాత స్విచ్ మీద ఒక పెళ్లి ఎక్కేలోపు నేను కిందికి దిగి, పప్పు పొయ్యి మీద పడేసి, అన్నం వార్చి, మామయ్యకు వడ్డించి, గిన్నెలు కడుక్కుని పైకి వచ్చేదాన్ని. ఎంత ఎక్కిందో తెర మీద చూపించే గీత ఇంకా సగం దగ్గరే నిలబడి ఉండేది. ఒళ్లు మండిపోయేది. నా కోపం సంగతి మా వీధి మొత్తానికి తెలుసు, కొత్తగా దాచేదేమీ లేదు.

మామయ్య అంటే మా ఆయన వాళ్ల నాన్న. అత్తయ్య పోయిన తర్వాత మా దగ్గరే ఉంటున్నారు. ఉంటున్నారంటే మంచం మా దగ్గర, మనసు హాలియా దగ్గర. అక్కడ సాగర్ కాలువ కింద కొంచెం పొలం ఉంది. మిగతాదంతా కౌలుకిచ్చేశారు గానీ ఒక్క మడి మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ప్రతి యాసంగికీ, అంటే చలికాలం నాటి ఎండాకాలం కోసే పంటకు, ఆ మడిలో పాతరకం ఎర్ర వడ్లు వేస్తారు. వాటి పేరేంటి మామయ్యా అంటే "మన వడ్లు" అంటారు, అంతే. మిల్లువాళ్లు వాటి మొహం చూడరు. లావు బియ్యం. వండితే మా ఆయన ముక్కు విరుస్తారు, నేనూ విరిచాను. మామయ్య మాత్రం రాత్రి మిగిలిన ఆ అన్నంలో పొద్దున్నే చల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, లోకంలో ఇంకేమీ అక్కర్లేనట్టు తింటారు.

నేను చెప్పబోయే చలికాలానికి ముందటి యాసంగిలో, కోతకొచ్చిన ఆ మడిని రాళ్లవాన కొట్టేసింది. మామయ్య బురదలో కూర్చుని రాలకుండా మిగిలిన వెన్నులు ఒక్కొక్కటే ఏరుకొచ్చారు. ఎండబెట్టి, చేత్తో నలిపి, చెరిగితే ఒక చిన్న మూటకయ్యాయి. తినడానికి కాదు, విత్తనానికి. ఆ మూట తప్ప ఆ వడ్లు మా దగ్గర గింజ లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

సరే, స్విచ్ సంగతికొస్తాను. పెద్ద ఆఫీసుల్లో వాడే వేగమైన స్విచ్‌లు మనబోటివాళ్లకు అందేవి కావు. ఈమధ్య చవకవి వచ్చాయి. పాతదానికి రెండున్నర రెట్లు వేగం. స్టోరేజీ పెట్టె లాంటివాటి కోసం పది రెట్ల వేగం ఉండే రంధ్రాలు కూడా ఒకటి రెండు ఉంటాయి. వాటి గురించి వీడియోలు చూసీ చూసీ నేను కూరలో ఉప్పు వేయడం మర్చిపోయిన రోజులున్నాయి. చివరికి రెండు తెప్పించాను, మెట్ల కింద ఒకటి, నా గదిలో ఒకటి. వైరు కోసం కోదాడలో మా పుట్టింటి దగ్గరి కెమెరాల షాపుకు వెళ్లాను.

"ఇంట్లో ఆఫీసేమైనా పెడుతున్నావా అక్కా? ఇంటికి ఇంత స్పీడు ఎందుకు?" అన్నాడు షాపతను.

"నువ్వు వైరు ఇవ్వు తమ్ముడూ. ఎందుకో నేను చూసుకుంటాను."

గోడలో పాత టీవీ కేబుల్ పోయిన పైపు ఉంది. ఆ కేబుల్ చివరకు కొత్త వైర్లు టేపుతో చుట్టి, మా ఆయన పైనుంచి లాగుతుంటే నేను కింద నుంచి తోశాను. ఆయన "ఇడ్సు" అంటే నేను పట్టుకున్నాను, ఆయన "పట్టు" అంటే నేను వదిలేశాను. ఇద్దరం కాసేపు గట్టిగానే మాటలనుకున్నాం. ఎలాగూ లాగుతున్నాం కదా, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని రెండు వైర్లు లాగించాను. రెండోది చుట్ట చుట్టి పక్కన పెట్టాను. వైరు చివర్లకు నేనే పిన్నులు వేశాను. మొదటిసారి పసుపు లైటు వెలిగింది. అంటే పాత వేగమే. లోపల ఒక రంగు తీగ పక్కదాని చోట్లో దూరింది. కోసి మళ్లీ వేస్తే ఆకుపచ్చ వెలిగింది. ఆ రోజు ఒక పెళ్లి మొత్తం నేను టీ తాగేలోపు ఎక్కేసింది. నాకైతే పొలానికి నీళ్లు వచ్చినంత సంబరం.

ఒక్క ఇబ్బంది, కింది స్విచ్ వేడెక్కుతుంది. ఆ పది రెట్ల రంధ్రంలో వైరు తగిలించడానికి పెట్టిన ఇనుప ముక్క పని మొదలుపెడితే దాని మీద వేలు ఆనించలేం. పెట్టె మొత్తం పొయ్యి పక్కన గట్టులా గోరువెచ్చగా ఉంటుంది. ఈ సంగతి ముందు కనిపెట్టింది మా వీధి పిల్లి. చలి మొదలవగానే వచ్చి దాని మీద పడుకునేది. పిల్లిని అదిలించబోయి మామయ్య పెట్టె మీద చెయ్యి పెట్టారు.

"గిది కాలుతాంది బిడ్డా. ఏమన్నయితదా?"

"ఏమీ కాదు మామయ్యా. దాని గుణమే అంత. చలికాలం ఏమీ భయం లేదు."

ఏమీ కాదని చెప్పింది నేనే. ఆ మాట ఆయన మనసులో పెట్టుకున్నారు.

వడ్లు నారు పోయాలంటే ముందు నానబెట్టి, నీళ్లు వంచి, మూటగట్టి వెచ్చని చోట పెట్టాలి. మండె కట్టడం అంటారు. మూటలో వేడి పుట్టి గింజకు తెల్లటి మొలక ముక్కు పొడుస్తుంది, అప్పుడు నారుమడిలో చల్లుతారు. వెనకటికి బర్రెల కొట్టం పక్కన గడ్డివాములో దోపేవారట. ఇప్పుడు బర్రెలూ లేవు, వామూ లేదు. గడ్డి కట్టలు కట్టి ఎవరో తీసుకెళ్తారు. ఆ ఏడు చలి కూడా గట్టిగానే ఉంది. మామయ్య ఇల్లంతా వెచ్చటి చోటు వెతికి ఉంటారు. పిల్లి పడుకునే చోటుకన్నా వెచ్చటిది ఇంట్లో ఏముంటుంది? స్విచ్ మీద గోనె ముక్క మడిచి వేసి, దాని మీద అంచున్న స్టీలు పళ్లెం పెట్టి, పళ్లెంలో పాత ధోతి గుడ్డలో కట్టిన వడ్ల మూట పెట్టారు. నాతో చెప్పలేదు. నేను పనిలో ఉంటే ఎవరు పలకరించినా కరుస్తానని ఆయనకు తెలుసు.

ఆ మూట అక్కడుందని తెలియకుండానే, ఒక పొద్దున నాకు ఒక తెలివి పుట్టింది. మిర్యాలగూడలో ఒక మిల్లు వాళ్ల పెళ్లి. ముందే తీసి తెచ్చిన వీడియోలతో, సాయంత్రం రిసెప్షనులో పెద్ద తెర మీద వేయడానికి చిన్న సినిమాలా చేసి నెట్‌లో పంపాలి. మా ఆయన ముందురోజే అక్కడికి వెళ్లారు. మామయ్య తెల్లారి బస్సుకే హాలియా పోయారు, నారుమడి దమ్ము చేయించడానికి. ఇంట్లో నేనొక్కదాన్నే. త్వరగా తెమలాలి కదా, చుట్ట చుట్టి పెట్టిన రెండో వైరు ఊరికే పడి ఉందే అనిపించింది. రెండు తూములు ఎత్తితే రెండింతల నీళ్లు పారవా? కాలువ కింద పొలమున్న ఇంటి కోడల్ని, నాకు అలాగే తోచింది. కింది స్విచ్‌లోకి ఆ వైరు నేను ముందే దోపి ఉంచాను, ఊడి వేలాడకుండా. ఇప్పుడు పై చివరను నా గదిలోని స్విచ్‌లోకి నొక్కాను. లైట్లన్నీ ఒక్కసారిగా టపటపలాడాయి. ఆహా, వేగమంటే ఇదీ అనుకున్నాను.

కాసేపటికి మొత్తం చచ్చిపోయింది. కంప్యూటరులో పెళ్లి ఫోల్డర్లు మాయం. ఫోనులో నెట్ లేదు. కింద టీవీ తిరుగుతూ ఉండిపోయింది. మెట్లు దూకుతూ దిగి అరలోకి చూస్తే ఏముంది? నా స్విచ్ నెత్తిన తడి మూట.

ఇంకేం చూస్తాను! పళ్లెంతో సహా మూట తీసి పక్కన పెట్టి, కరెంటు తీసేసి, పెట్టెను గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. చచ్చినట్టే ఉంది. అటక మీది పాత స్విచ్ దింపి, ఆ మూట కూర్చున్న పెట్టెను పీకేసి, పాతదానికి అవసరమైన వైర్లు మాత్రమే పెట్టాను. రెండో వైరు పెట్టలేదు. హడావుడిలో దాని ఊసే నాకు లేదు. వెంటనే నెట్ వచ్చింది. ఇంకేముంది, నేరం రుజువైపోయింది. మామయ్య మూట నా కొత్త స్విచ్‌ను చంపేసింది. ఫోను తీశాను.

"మామయ్యా, స్విచ్ మీద తడి మూట మీరేనా పెట్టింది?"

"అవ్ బిడ్డా. ఎచ్చగుంటదని పెట్టిన. ఏమైంది?"

"ఏమైందా? మొత్తం నెట్ పోయింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన పని! కరెంటు వస్తువు మీద నీళ్ల మూట ఎవరైనా పెడతారా? చిన్నపిల్లలు కూడా పెట్టరు!"

అటువైపు ట్రాక్టరు ఆపమని ఆయన కేక వేయడం వినిపించింది.

"తప్పయింది బిడ్డా. వస్తన్న."

దమ్ము సగంలో వదిలేసి ఆయన బస్సెక్కారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఫోను పెట్టేశాక కోపం కొంచెం దిగింది. పెద్దాయన్ని అంత మాట అన్నానే అనిపించింది. మూట వైపు చూశాను. చేత్తో ముడితే లోపల వెచ్చగా, తడితడిగా ఉంది. అయ్యో, ఇలాగే ఉంచితే ముక్కిపోతాయి, ఆయన ప్రాణం ఈ గింజల మీదే ఉంది, కనీసం ఇవైనా కాపాడదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. డాబా మీదకు తీసుకెళ్లి, ఉతికిన దుప్పటి పరిచి, వడ్లన్నీ పలచగా ఎండలో పోశాను. గింజలకు సన్నటి తెల్లటి కొనలు కనిపించాయి. బూజు పట్టడం మొదలైంది, సమయానికి చూశాను అని కూడా అనుకున్నాను. కోదాడ బజారులో పెరిగినదాన్ని. బియ్యం కొట్టులోనూ అన్నం కంచంలోనూ తప్ప వడ్లను నేను అంత దగ్గరగా ఎప్పుడు చూశాను?

మధ్యాహ్నం దాటాక మామయ్య వచ్చారు. కాళ్లకు బురద ఆరిపోయి ఉంది. గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు, లోపలికి రాలేదు.

"పని అయితాందా బిడ్డా?"

"ఏదో అవుతోంది."

"మూట ఏడుంది?"

"డాబా మీద ఆరబోశాను మామయ్యా. బాగా తడిసిపోయాయి, పాడైపోతాయని."

ఆయన తలుపు వదిలేసి మెట్ల వైపు తిరిగారు.

"మంచిగ చేసినవ్ తియ్యి బిడ్డా," అని పైకి వెళ్లారు.

నన్ను మెచ్చుకున్నారనుకున్నాను. పనిలో పడ్డాను. వేగం లేని పాత స్విచ్ మీద ఆ సినిమా సగం సగంగానే తయారై, భోజనాలు మొదలయ్యాక గానీ మిర్యాలగూడ చేరలేదు. పెళ్లికూతురి మేనమామ మా ఆయన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. ఆ సాయంత్రం పని మధ్యలో ఒకసారి బట్టలు తీయడానికి డాబా ఎక్కితే, మామయ్య గొంతుక్కూర్చుని దుప్పటి మీది వడ్లను దోసిట్లోకి ఎత్తుకుంటున్నారు. పక్కన చెంబు ఉంది. వేళ్లు ముంచి గింజల మీద నీళ్లు చిలకరిస్తున్నారు. నన్ను చూసి చెంబు పక్కకు జరిపారు, తప్పు చేస్తూ దొరికినట్టు.

ఇంటికొచ్చాక ఈ సంగతి విని మా ఆయనే నెత్తి కొట్టుకున్నారు.

"మొలక ముక్కు పొడిసిన వడ్లను ఎండల పోస్తరానే? ఎండితే ఖతం గద! నాయిన ఏమనలేదా?"

"మంచిగ చేసినవ్ అన్నారు."

అప్పుడు వెలిగింది నాకు. ఆ తెల్లటి కొనలు బూజు కాదు, మొలకలు.

మామయ్య ఆ వడ్లనే మళ్లీ మూటగట్టి హాలియా తీసుకెళ్లి చల్లారు. తిరిగొచ్చిన తర్వాత నేను రోజూ అడిగేదాన్ని, మడి ఎలా ఉందని. "మడి మంచిగనే ఉంది" అనేవారు. మడి మంచిగానే ఉందట. మొలిచిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు, మొలవలేదని చెప్పడానికి ఆయనకూ నోరు రాలేదు. ఒకరోజు మా ఆయన పోయి చూసొచ్చి, ఖాళీ బురద తప్ప పచ్చన ఎక్కడా లేదని చెప్పారు. ఆ మడిలో ఆ యాసంగికి కౌలుదారు మిల్లు వడ్లే నాటుకున్నాడు.

ఆ తర్వాత మామయ్య ఇంట్లో దేన్నీ ముట్టుకోవడం మానేశారు. ఫ్యాను వేసుకోరు. ఫోనులో చార్జింగ్ అయిపోతే బజారులో టీకొట్టు దగ్గర పెట్టించుకుని వస్తున్నారని నాకు టీకొట్టాయన చెప్పాడు. చీకటి పడితే, నేనో మా ఆయనో వచ్చి లైటు వేసేదాకా చీకట్లోనే కూర్చునేవారు.

"లైటు వేసుకోవచ్చు కదా మామయ్యా!"

"కండ్లు కనవడుతనే ఉన్నయి గద బిడ్డా, ఎందుకు?"

కొడుకు కట్టిన ఇంట్లో ఆయన్ని చుట్టపుచూపుగా వచ్చినవాడిలా చేసింది నా నోరు. పిల్లిని కూడా నేను వెళ్లగొట్టాను. దాన్ని తిట్టినా ఆయన ఉలిక్కిపడేవారు.

పాడైన స్విచ్‌కు గ్యారంటీ ఉంది, వెనక్కి పంపిద్దామని డబ్బాలో సర్దబోయాను. పంపేముందు చివరిసారి చూద్దామని వైరు పెడితే లైట్లు వెలిగాయి. స్టోరేజీ వచ్చింది. నెట్ వచ్చింది. ఏమీ కాలేదు దానికి. ఇంకొకరైతే సంతోషించేవారు. నేను మాత్రం ఆ రోజు ఏమేం చేశానో ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాను. అర పక్కన వేలాడుతున్న రెండో వైరు కొస వైపు చూశాను, దాని పై కొస నా గదిలో ఆ రోజు నొక్కినట్టే ఉంది. తీసి స్విచ్‌లో దోపాను. లైట్లు టపటపలాడాయి, అంతా చచ్చిపోయింది. పీకాను, బతికింది. మళ్లీ దోపాను, మళ్లీ చచ్చిపోయింది.

ఈ చవక స్విచ్‌లకు రెండు దారులుంటే కనిపెట్టి ఒకటి మూసేసే తెలివి ఉండదు. రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు పెడితే, ఒక వైరులో పోయిన కబురు రెండోదాంట్లోంచి వెనక్కి వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ వచ్చి, గిరగిరా తిరుగుతూ పెరిగిపోయి, ఇంక దేనికీ దారి ఉండదు. ఎన్ని వీడియోలు చూశాను నేను! వేగం గురించి చూశాను గానీ ఈ ముక్క చూడలేదు. మూట అడుగున గోనె ఉంది, అంచున్న పళ్లెం ఉంది. ఆ పెట్టె మీద ఒక్క నీటి చుక్క కూడా పడలేదు. తుడిచిన గుడ్డ పొడిగానే ఉండటం నా చేతికి తెలిసింది, నా కోపానికి తెలియలేదు.

వెంటనే వెళ్లి చెప్పాలి కదా. చెప్పలేదు. ఉత్త మాట పట్టుకుని ఏ మొహంతో నిలబడను? ఆ వడ్లు ఎక్కడైనా దొరికితే తెచ్చి, ఆయన చేతిలో పెట్టి, అప్పుడు చెబుదామనుకున్నాను. దామరచర్లలో మామయ్య చెల్లెలు ఉంది. ఒకప్పుడు ఆవిడ ఈయన దగ్గరే విత్తనం పట్టుకుపోయేదని విన్నాను. మా ఆయనకు మిర్యాలగూడలో పెళ్లి పడ్డ రోజు నేనూ వెంట వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో దామరచర్ల చేరాను.

చిన్నత్తమ్మ నన్ను చూసి సంబరపడింది. టీ పెట్టింది. వాళ్లు వ్యవసాయం మానేసి చాలా కాలమైంది, కొడుకు కరెంటు ప్లాంటులో కూలి పనికి పోతున్నాడు. ఇంటి వెనక నుంచే ఆ పొగగొట్టాలు కనిపిస్తాయి.

"మన వడ్లా? గవి మా కాడ ఎప్పుడో అయిపోయినయమ్మా. బియ్యం పట్టిచ్చుకుని తిన్నం. మా అన్న ఉండంగ మాకేం ఫికరు, ఎప్పుడు కావాల్నంటే అప్పుడు ఇస్తడని!" అని నవ్వి, "మడి ఎట్లుంది ఈయేడు? కోసినంక నాకు గిన్ని బియ్యం పంపుమను. సద్దికి గా బియ్యమే మంచిగుంటయి" అంది.

సరేనన్నాను. టీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

ఉత్త చేతులతో ఇంటికొచ్చి, ఆ సాయంత్రమే మామయ్య మంచం దగ్గర కింద కూర్చున్నాను.

"మామయ్యా, ఆ రోజు నెట్ పోయింది మీ మూట వల్ల కాదు. తప్పు నాదే. నేనే ఒక వైరు ఎక్కువ పెట్టాను. మిమ్మల్ని అనవసరంగా అన్నాను. మీ వడ్లు నేనే పాడుచేశాను."

"పోనీ తియ్యి బిడ్డా. ఇప్పుడు గవన్ని ఎందుకు?"

"ఎందుకంటారేంటి? రండి, చూపిస్తాను."

చెయ్యి పట్టుకుని అర దగ్గరకు తీసుకొచ్చాను. నా ఫోను ఆయన చేతిలో పెట్టి, ఒక వీడియో పెట్టాను. పైకి పరిగెత్తి రెండో వైరు దోపాను. కిందికొచ్చేసరికి వీడియో ఆగిపోయింది. మళ్లీ పైకి పోయి పీకాను, వీడియో నడిచింది. రొప్పుతూ వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"చూశారా? వైరు పెడితే పోతోంది, తీస్తే వస్తోంది. మూట లేదు, నీళ్లు లేవు. చూశారు కదా?"

మామయ్య ఫోనును జాగ్రత్తగా నా చేతికిచ్చి, స్విచ్ వైపు చాలా బాధగా చూశారు.

"పాపం, ఆనాడు తడిసినకాంచే గిట్లయినట్టుంది బిడ్డా. ఇంకో వైరు పెడితే గూడ తట్టుకుంటలేదు."

నాకు ఏడుపొచ్చింది. కాదు మామయ్యా, కొత్తదైనా ఇంతే, ఇలాంటి ఏ స్విచ్ అయినా ఇంతే అని ఎన్ని తీర్ల చెప్పానో! ఆయన తల ఊపారు. నేను గట్టిగా చెప్పినకొద్దీ ఇంకా ఊపారు. నా గొంతు పెరిగిందని నాకే తెలిసి నోరు మూసుకున్నాను. ఆయన ఆ తల ఊపడం నేను చెప్పింది అర్థమై కాదు, నన్ను ఊరుకోబెట్టడానికి.

మళ్లీ చలికాలం వచ్చింది. ఇప్పుడు నేను రోజూ సాయంత్రం పాలు తోడువేసి, ఆ గిన్నెను పళ్లెంలో పెట్టి స్విచ్ మీదనే ఉంచుతున్నాను. ఆయన చూడాలని. పెరుగు గడ్డలా తోడుకుంటుంది. మామయ్య అన్నంలో కలుపుకుని, "పెరుగు మంచిగున్నది బిడ్డా" అంటారు. పిల్లి కూడా వచ్చి అక్కడే పడుకుంటోంది, ఏమీ అనడం లేదు.

నారు పోసుకునే రోజులు రాగానే ఆయన హాలియాలో కొట్టు నుంచి సన్న వడ్ల విత్తనం సంచి తెచ్చుకున్నారు. మడి బీడు పెట్టలేక. నానబెట్టి, నీళ్లు వంచి, మూటగట్టారు. నేను అప్పటికే స్విచ్ మీద గోనె ముక్క మడిచి, పళ్లెం తుడిచి సిద్ధంగా ఉంచాను. వంట చేసుకుంటూ వింటున్నాను, ఆయన అడుగులు అర దగ్గరకు వస్తాయేమోనని. రాలేదు. వెళ్లి చూస్తే మూటను తన మంచం మీద నడిమధ్య పెట్టి, తన దుప్పటి దానికి చుట్టూ కప్పుతున్నారు. తాను పడుకోవడానికి కింద చాప వేసుకున్నారు.

"ఇదేంటి మామయ్యా? ఆ స్విచ్ మీద పెట్టండి. వెచ్చగా ఉంటుంది. మీ కోసమే ఖాళీ చేసి ఉంచాను."

"వద్దు బిడ్డా. నీ పని మల్ల ఆగుతది."

"ఆ రోజు ఆగింది మీ మూట వల్ల కాదని చెప్పాను కదా మామయ్యా! చూపించాను కూడా కదా!"

ఆయన దుప్పటి అంచు మూట కిందికి దోపుతూ నా వైపు చూశారు. ఎంత ప్రేమగా చూశారో!

"చెప్పినవ్ బిడ్డా. నా మనసు నొవ్వద్దని చెప్పినవ్. నాకెర్క లేదా? నువ్వు మంచిదానివి."

నా గదిలోకి వెళ్లి, నా మంచం మీది బొంత తెచ్చి, మూట మీద కప్పాను. ఆయన చాప మీద పడుకోవడానికి ఇంకో దుప్పటి వెతకడానికి అటక ఎక్కాను.